కిటికీ పట్టనిది

పోయిన వర్షాకాలంలో మా తెలుగువాళ్ళ సంఘం పెద్దలిద్దరు కాలేజీకి వచ్చి, వచ్చే ఆదివారం హాల్లో ఒక గంట మాట్లాడమని అడిగారు. నా పరిశోధన గురించి, అదీ తెలుగులో. "మన పిల్లలకి సైన్సు తెలుగులో చెప్పేవాళ్ళు లేరు మేడమ్" అన్నారు. వాళ్ళ పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే మాత్రం హిందీలో రాసిమ్మంటారు. నాకు ఒప్పుకోవాలని లేదు. సన్నటి రంధ్రాలున్న రాయిలోంచి మిథనాల్‌ని పంపితే అది పెట్రోల్లో ఉండే సరుకుగా ఎలా మారుతుందో వినడానికి ఆదివారం మధ్యాహ్నం చేపల కూర వదిలేసి ఎవరొస్తారు? ఏదో వంక చెప్పి తప్పించుకుందామని నోరు తెరిచేలోపు వాళ్ళలో ఒకాయన, "మీ చిన్నాన్నగారికి కూడా చెప్పేశాం. ఆయన్ని ముందు వరసలో కూచోబెడతాం. ఆయనా రెండు ముక్కలు మాట్లాడతానన్నారు" అన్నాడు.

వంక మింగేసి, సరేనన్నాను.

చిన్నాన్న చెప్పే ఆ రెండు ముక్కలూ నాకు కంఠతా వచ్చు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. "మా గుంటే నన్ను బతికించినాది. డాక్టర్లకి అంతు సిక్కని జబ్బు ఇది కనిపెట్టినాది. కళ్ళు పోనాయి గానీ పేనం నిలబడ్డాది. ఆ మందు మీద పగబట్టి పెద్ద సదువు సదివినాది." ఇందులో సగం నిజం. మిగతా సగం నాకొక్కదానికే తెలుసు. ఆయనకి అది చెప్పకుండా ఆయన ఎదురుగా ఆ వేదిక ఎక్కగలనా అన్నది ఆ వారమంతా నన్ను పీక్కుతిన్న సంగతి.

జరిగింది జరిగినట్టు రాస్తాను. అలంకారాలు చెయ్యడం నాకు రాదు, ఈ విషయంలో చెయ్యకూడదు కూడా.

మా నాన్న, చిన్నాన్న డిగ్నాబాద్‌లో ఒకే గోడకి అటూ ఇటూ ఉండేవాళ్ళు. శ్రీకాకుళం వైపు తీరం నుంచి తాతల కాలంలో ఈ దీవులకి వచ్చిన చేపలవాళ్ళం. సముద్రంలో కొట్టుకొచ్చినది ముందు తాకినవాడిదే అన్నది మా వీధిలో పాత ఒప్పందం. ఆ ఒప్పందం పుణ్యాన బర్మా వైపునుంచి వచ్చిన దుంగలు, ప్లాస్టిక్ బుంగలు, తాళ్ళ ముడులు, ఎవరిదో ఒంటి చెప్పు, అన్నీ మా పెరట్లో ఉండేవి. అయితే నోట్లో పెట్టుకునేదానికి ఇంకో కట్టుబాటు ఉంది. పేరు తెలియని చేపైనా సరే, మూత తియ్యని డబ్బా అయినా సరే, తెచ్చినవాడే ముందు రుచి చూడాలి. ఒక్క ముద్ద, లేదా ఒక్క గుక్క. ఆ తర్వాత ఒక రాత్రి ఆగాలి. తెల్లారి వాడు మామూలుగా లేచి పళ్ళు తోముకుంటూ కనిపిస్తే అప్పుడు వీధంతా తింటుంది. దీన్ని మావాళ్ళు రేత్రి సూడ్డం అంటారు. చదువుకున్నదాన్ని కదా, అప్పట్లో నాకిది మోటుతనంలా కనిపించేది.

నేను బీఎస్సీ రెండో సంవత్సరంలో ఉండగా చిన్నాన్న సొంతానికి కొత్త డింగీ పడవ చేయించుకున్నాడు. మోటారు బిగించారు, రంగు వేశారు, ఎల్లుండి నీళ్ళలోకి దించాలి. ఆ రోజు సాయం పట్టిన పదిహేను మందికీ మందు పొయ్యడం ఆనవాయితీ. సరిగ్గా అప్పుడే ఒడ్డుకి దగ్గర్లో ఆయన చేతికి ఒక నీలం డబ్బా దొరికింది. ఇరవై లీటర్లు పట్టే ప్లాస్టిక్ క్యాను, మూత సీలు పోలేదు. పైన అతికించిన కాగితం సగం చిరిగిపోయింది, మిగిలిన సగం మీద మాకెవరికీ రాని లిపి. మూత తీస్తే గుప్పున సారా వాసన.

"సదువుకున్నదానివి, సూడు ఒలే" అన్నాడు.

వీధి అరుగుల మీద అందరూ ఉన్నారు. నేను వంటింట్లోంచి గరిటె తెచ్చి, అందులో కొంచెం పోసి, అగ్గిపుల్ల గీశాను. ఎండలో కనబడీ కనబడని నీలి మంట. మసి లేదు, పొగ లేదు. ఆడపిల్ల చేతిలో గరిటె మండుతుంటే అందరూ దగ్గరికి వచ్చి చూశారు. నాకు చాలా గొప్పగా అనిపించింది. "స్పిరిటే. కల్తీ లేదు" అన్నాను. కల్తీ ఉందా అని ఎవరూ అడగలేదు. ఆ మాట నేనే కలిపాను.

నీలిమంట, తాగే ఆల్కహాల్‌కీ వస్తుంది, తాగితే కళ్ళూ ప్రాణమూ తీసే మిథనాల్‌కీ వస్తుంది. ఆ రెండింటినీ విడదీసే పరీక్ష వేరే ఉంది. అయోడిన్‌తో చేస్తారు. పసుపుపచ్చ పొడి అడుగుకి దిగితే తాగేది, దిగకపోతే మిథనాల్. ఆ పరీక్ష మాకు ఆ ఏడే ప్రాక్టికల్స్‌లో ఉంది. "చిన్న సీసాలో కొంచెం పొయ్యి చిన్నాన్నా, రేపు కాలేజీలో చూసి చెప్తాను" అంటే సరిపోయేది. పది నిమిషాల పని. ఆ సంగతి నాకు గరిటె పట్టుకున్నప్పుడే గుర్తొచ్చింది. అందరూ మెచ్చుకుంటున్నప్పుడు "నాకు పూర్తిగా తెలియదు" అనడం నాకు చేతకాలేదు, అంతే.

చిన్నాన్న కట్టుబాటులో సగమే పాటించాడు. మిగతా పదిహేను మందినీ తెల్లారేదాకా ముట్టుకోనివ్వలేదు. తను మాత్రం ఒక్క గుక్కతో ఆగలేదు. "మా గుంట మంటెట్టి సూసినాది, ఇంకా గుక్కేటి" అని నవ్వుతూ రెండు గ్లాసులు తాగాడు. నేను అక్కడే ఉన్నాను, నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున్న పిన్ని లేపితే, "ఇంట్లో ఈ పొగేటి? ఎవులు ఎట్టేరు?" అన్నాడు. ఇంట్లో పొయ్యి ఇంకా వెలిగించలేదు. గోడ అవతలినుంచి ఆ మాట నాకు వినబడింది. మిథనాల్ తాగినవాళ్ళకి చూపు పొగ కమ్మినట్టవుతుందని పుస్తకంలో రాసి ఉన్న పేజీ కళ్ళముందుకి వచ్చింది. అప్పుడే నాకు తెలిసిపోయింది.

తొమ్మిదిన్నరకి ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు హిందీలో ఏం తాగాడని అడిగాడు. కొట్టుకొచ్చిన సరుకు ఇంట్లో పెట్టుకున్నామని తెలిస్తే పోలీసులొస్తారని, కొత్త డింగీకి కాగితాలు ఇవ్వరని నాన్న భయం. "కుఛ్ నహీ సాబ్, బుఖార్ హై" అన్నాడు, ఏమీ తాగలేదు, జ్వరమేనని. చిన్నాన్న వాంతులతో నీరసించి ఉన్నాడు, జవాబు చెప్పే స్థితి కాదు. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. డాక్టరు నావైపు కూడా చూశాడు. నేను ఏడుస్తూ నిలబడ్డాను గానీ నోరు తెరవలేదు. నాన్న వద్దన్నాడని కాదు. చెబితే నా గరిటె పరీక్ష తప్పని బయటపడుతుందని. "కల్తీ లేదన్నావు కదమ్మా" అని వీధి అంతా అడుగుతుందని.

ఒంటిగంటన్నరకి చిన్నాన్న ఊపిరి మారింది. పరిగెత్తినవాడిలా రొప్పుతున్నాడు. అప్పుడు వెళ్ళి నర్సు దీదీతో చెప్పాను. నిమిషాల మీద అందరూ పరిగెత్తుకొచ్చారు, వైద్యం మారిపోయింది, మనిషి దక్కాడు. చూపు దక్కలేదు. సాయంత్రం డాక్టరు నా భుజం తట్టి, నువ్వు కనిపెట్టకపోతే ప్రాణం పోయేదన్నాడు. ఆ మాట పట్టుకుని మావాళ్ళు నన్ను దేవతని చేసేశారు, గరిటె మంట సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ చెయ్యి ఇప్పటికీ నా భుజం మీద ఉన్నట్టే ఉంటుంది.

తర్వాత నేను మెయిన్‌లాండ్‌కి వెళ్ళి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేశాను. చిన్నాన్న అనుకున్నట్టు పగబట్టి కాదు. మిథనాల్ అన్న మాట వింటే చాలు చెమటలు పట్టేవి. దాన్ని రోజూ ముట్టుకుంటే ఆ భయం అరిగిపోతుందనుకున్నాను. అరగలేదు.

జియోలైట్ అనేది చూడ్డానికి సుద్దపొడిలా ఉంటుంది. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి కట్టుకున్న రాయి. లోపలంతా రంధ్రాలు. రంధ్రాలంటే అడ్డదిడ్డంగా పడ్డ తూట్లు కావు, అణువు పట్టేంత కొలతలో, అన్నీ ఒక్కలాగే ఉంటాయి. దాన్ని సన్నటి గొట్టంలో పోసి, నాలుగు వందల డిగ్రీల దాకా కాల్చి, ఒక చివరనుంచి మిథనాల్ ఆవిరి పంపిస్తాం. రెండో చివర ఏం వస్తుందన్నది ఆ రంధ్రాల ఆకారం మీద ఉంటుంది. నా దగ్గర రెండు రకాలు ఉండేవి. మొదటిదాంట్లో తిన్నటి దారులు, వంకర దారులు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. దాంట్లోంచి పెట్రోల్లో ఉండేంత పెద్ద అణువులు కూడా బయటికొస్తాయి. రెండోదాంట్లో పెద్ద గదులు, చిన్న కిటికీలు. దాంట్లోంచి రెండు మూడు కార్బన్లున్న సన్నటి వాయువులే బయటపడతాయి. మిథనాల్ అదే, వేడి అదే. రాయి లోపలి కట్టడమే వేరు.

నన్ను వదలనిది ఆ రెండో రాయి. కొత్త పొడి మీద మిథనాల్ పంపితే మొదట ఏమీ జరగదు. గొట్టం చివర కూర్చుని ఎదురుచూడాలి. గదుల్లో ఎక్కడో నాలుగైదు ముక్కలు కలిసి ఒక పెద్ద అణువు తయారవుతుంది. ఉంగరంలాంటి ఆకారం, దానికి అక్కడక్కడా కొసలు. అది కిటికీలో పట్టదు. బయటికి పోలేదు. ఆ క్షణం నుంచే అసలు పని మొదలవుతుంది. వచ్చిన మిథనాల్‌ని అదే పట్టుకుంటుంది, తనకి తగిలించుకుంటుంది, చిన్న చిన్న వాయువులుగా విడిచి కిటికీలోంచి పంపేస్తుంది. బయట నిలబడి కొలిచేవాళ్ళకి చిన్నవే కనబడతాయి. వాటిని పుట్టించిన పెద్దది లోపలే ఉందని ఎవరికీ తెలియదు. కాసేపటికి అది ఇంకా పెరిగి, పక్కవాటితో కలిసి, బొగ్గులా గది నిండిపోతుంది. తెల్లగా వేసిన పొడి నల్లగా బయటికొస్తుంది.

లోపల ఏముందో చూడాలంటే ఆ రాయినే ఘాటైన ఆమ్లంలో కరిగించాలి. గోడలు పోతే గాని లోపలున్నది చేతికి రాదు. నేను అలా ఎన్ని రాళ్ళు కరిగించానో లెక్క లేదు. మా గైడ్‌గారు ఇంత శ్రద్ధ ఎక్కడిదమ్మా అని మెచ్చుకునేవారు. నా శ్రద్ధని చూస్తే నాకే చిరాకేసేది. ప్రతిసారీ ఆ నల్లపొడి చూసినప్పుడు నాకు ఆసుపత్రి మంచం కాళ్ళు కనిపించేవి. ఇది ఎవరికి చెప్పుకోను?

ఇక్కడి కాలేజీలో ఉద్యోగం వస్తే తిరిగొచ్చాను. ఆస్టినాబాద్‌లో ఇల్లు తీసుకున్నాను, డిగ్నాబాద్‌లో కాదు. కాలేజీకి దగ్గరని చెప్పాను. దగ్గరేమీ కాదు. చిన్నాన్న ఇంటికి వెళ్తూనే ఉంటాను గానీ పావుగంట కంటే కూర్చోను. పిన్ని, "ఈ గుంటకి ఎప్పుడూ పనే" అని సాగనంపుతుంది.

శుక్రవారం కాలేజీ అయ్యాక నేరుగా చిన్నాన్న దగ్గరికి వెళ్ళాను. ఉపన్యాసం ముందు నీకే వినిపిస్తానని చెప్పాను. ఆయన వరండాలో కూర్చుని వల అల్లుతున్నాడు. చూపు పోయాక నేర్చుకున్న పని అది. రెండు వేళ్ళు దూర్చి వల కన్ను కొలుచుకుంటాడు. రేవులో చూపున్నవాళ్ళు అల్లిన వలలకంటే ఆయన అల్లినవే సమంగా ఉంటాయని అడిగి చేయించుకుంటారు. పిన్ని టీ ఇచ్చి లోపలికి పోయింది. వాన మొదలైంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. మామూలుగా క్లాసులో పిల్లలు ఆవలిస్తారు. ఈయన సూది ఆపేసి విన్నాడు. కిటికీల సంగతి చెప్పగానే అందుకున్నాడు.

"మత్‌లబ్, వల కన్ను లాగన్నమాట. కన్ను బట్టి సేప."

"దాదాపు అంతే చిన్నాన్నా. కాకపోతే ఇక్కడ లోపలికి వెళ్ళాక పెరుగుతుంది. పెరిగినది బయటికి రాలేదు."

ఆయన నవ్వాడు. "సీసాలో పీత. నీకు గేపకం నేదేటి? సిన్నప్పుడు ఒడ్డున దొరికినాది. మెడ ఇంత, పీత ఇంత. ఎలా దూరినాదని ఏడిసేవు. బుల్లిగా ఉన్నప్పుడు దూరినాది, ఆడే తిని ఆడే పెరిగీసినాది." తర్వాత మొహం నావైపు తిప్పాడు. "అలాగైతే ఆ లోపలున్న పెద్దది ఏటి సేస్తాది?"

"అదే అన్నీ చేస్తుంది. బయటికొచ్చేవన్నీ దాంట్లోంచి పుట్టినవే. దాని సంగతి మాత్రం బయటికి రాదు."

"బాగున్నాది" అన్నాడు. "మరి నాను లేసి ఏటి సెప్పాలి? నువ్వు నన్ను బతికించినావు, ఆ మందుని పట్టి రాయిలో ఎట్టీసినావు, అంతేనా?"

ఇంక నా వల్ల కాలేదు. "అలా చెప్పకు చిన్నాన్నా" అన్నాను. గరిటె మంట వెనకున్న అసలు సంగతి చెప్పాను. నీలిమంట రెండింటికీ వస్తుందని నాకు అప్పుడే తెలుసని, ఇంకో పరీక్ష ఉందని, పది నిమిషాల పనని, అందరూ చూస్తున్నారని గొప్పకి పోయి చెప్పలేదని చెప్పాను. నేను మంట పెట్టకపోతే నువ్వు ఒక్క గుక్కతో ఆగేవాడివని కూడా చెప్పాను. చెబుతుంటే నా గొంతు పరీక్ష హాల్లో జవాబు అప్పజెప్పినట్టుంది. అక్కడితో ఆగిపోయాను. ఆసుపత్రి దాకా మాట రాలేదు.

చిన్నాన్న కోప్పడతాడనుకున్నాను, లేకపోతే పోనీలే అంటాడనుకున్నాను. రెండూ కాదు.

"ఇన్నాళ్ళూ గంగమ్మ మీద ఏసేను" అన్నాడు. "తల్లి ఇచ్చినాది, తల్లి తీసుకున్నాది అనుకున్నాను. గంగమ్మైతే మొయ్యగలదు. ఇప్పుడు నువ్వొచ్చి నాను మోస్తానంటన్నావు." సూది తడుముకుని చేతిలోకి తీసుకున్నాడు. "ఒక గుక్క తాగేను. రేత్రి సూడనీ. తెల్లారి రా."

ఆయన అన్నది కట్టుబాటు మాట. నేను మోటుతనమని నవ్వుకున్న మాట. స్కూటర్ మీద తడుస్తూ ఇంటికి వచ్చాను. సగం చెప్పినందుకు మనసు తేలికపడుతుందేమోనని దారంతా చూశాను. పడలేదు. పైగా, ఈ సగంతో ఆయన సరిపెట్టుకుంటే మిగతాది చెప్పక్కర్లేదు కదా అన్న ఆలోచన కూడా వచ్చింది. నా బుద్ధి నాకు తెలుసు. ఆసుపత్రిలో పనిచేసిన బుద్ధీ ఇదే.

మా దగ్గర అయిదింటికే తెల్లారిపోతుంది. అయిదున్నరకి నేను వెళ్ళేసరికి చిన్నాన్న పళ్ళు తోముకుని, మొహం కడుక్కుని, వరండాలో అదే చోట కూర్చుని ఉన్నాడు. వల ఒళ్ళోనే ఉంది. నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టి పక్కన చాప తట్టాడు.

"సూసేను" అన్నాడు. "నువ్వు సెప్పింది దిగినాది. పందొమ్మిదేళ్ళ గుంటవి, పదిమందిలో గొప్పకి పోనావు. నానూ గొప్పకే పోయి రెండు గళాసులు తాగీసేను. దానికి నీ మీద కోపం నేదు." ఊపిరి తీసుకున్నాడు. "కానీ ఒలే, ఈమాత్రం దానికి నువ్వు ఇన్నేళ్ళు నా కాడ పావుగంట కూకోకుండా ఎందుకు పారిపోతావు? ఇదేదో సిన్నది. కిటికీలోంచి వొచ్చీసినాది. పెద్దది లోపలున్నాది."

నాకు ఏడుపు రాలేదు. అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

"తొమ్మిదిన్నరకి డాక్టరు అడిగాడు చిన్నాన్నా, ఏం తాగాడని. నేను అక్కడే ఉన్నాను. నాకు తెలుసు. ఇంట్లో పొగేటని నువ్వు అడిగినప్పుడే తెలుసు. ఒంటిగంటన్నర దాకా చెప్పలేదు."

ఆయన వేళ్ళు ముడి మీద ఆగాయి.

"మీ నాన్న వొద్దన్నాడేటి?"

ఆయన నాకు ఒక దారి ఇచ్చాడు. నాన్న పోయి ఆరేళ్ళయింది, ఆయన మీద వేసేస్తే కాదనేవాళ్ళు లేరు.

"వద్దన్నాడు. కానీ అందుకు కాదు. నా పరీక్ష తప్పని అందరికీ తెలిసిపోతుందని."

"అప్పుడే సెప్పుంటే?"

"ఒక కన్నయినా మిగిలేదేమో. మిగిలేదని ఖాయంగా ఎవరూ చెప్పలేరు. మిగలదని కూడా చెప్పలేరు."

"నాలుగు గంటలు" అన్నాడు. పిన్ని లోపల పొయ్యి ముట్టించింది, కిరోసిన్ వాసన వచ్చింది. చిన్నాన్న మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండేది.

"ఆ పొద్దు నాకు మొత్తం పోనేదు. పొగలో కొంచెం కొంచెం కనబడీది. డాక్టరు కోటు తెల్లగా కనబడ్డాది. ఆడ కిటికీ ఒకటి. నువ్వు నా కాళ్ళ కాడ నిలబడి ఎక్కెక్కి ఏడుస్తన్నావు, ముక్కు తుడుసుకుంటన్నావు. సూస్తా సూస్తా ఉండగానే పోనాది. ఆ తరవాత ఇంకేటీ కనబడనేదు. నాను ఆకరికి సూసింది నీ మొకమే గుంటా."

ఆయన మళ్ళీ వల తడుముకున్నాడు.

"మనసు బాగోనప్పుడల్లా దాన్నే తెచ్చుకుంటాను. ఎంత సీకటైనా అది ఉంటాది. నా కోసం ఇంత ఏడిసే మడిసి ఉందిరా అనుకుంటాను." దారం కొస కోసం వేళ్ళతో వెతికాడు. అది ఆయన చేతికి అందలేదు. "నా కోసం కాదన్నమాట."

కొంత నీ కోసమే చిన్నాన్నా అందామనుకున్నాను. అదీ నిజమే. కానీ ఎంత అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకని అనలేదు. ఆయన వలని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టి, మొహం వీధి వైపు తిప్పుకున్నాడు.